చివరి పేజీ దాకా మురికి

"ఛీ! ఇది పుస్తకమా, ముక్కు తుడుచుకునే గుడ్డా?"

యూ-షియా ఆ నవలని చచ్చిన ఎలకని తోక పట్టుకుని ఎత్తినట్టు రెండు వేళ్లతో ఎత్తింది. వేళ్లకీ పుస్తకానికీ మధ్య మళ్లీ ఓ టిష్యూ కాగితం. కీలంగ్ ఊళ్లో తెరిపివ్వని వానలకి ఆ అద్దె పుస్తకాల కొట్టు అసలే బూజు కంపు కొడుతోంది.

కౌంటర్ వెనక ముసలి త్సాయ్ ఇకిలించాడు. "మొదటిసారి చదివేవాళ్లకి ఫాంటసీ నవల కావాలన్నావు కదమ్మా. ఇంతకన్నా తేలిగ్గా ఎక్కేది నా కొట్లో లేదు."

"శుభ్రంగా ఉన్నది చూసి ఇవ్వవయ్యా!"

"శుభ్రంగానా? ఇదిగో, ఈ అరలోది చూడు. ఇరవయ్యో పేజీ దాకా వేలిముద్రలు, అక్కణ్ణుంచి కడిగిన ముత్యం. ఎందుకంటావ్? అక్కడికి ఇంకా హీరోగారి ముత్తాతల పేర్లే అవ్వలేదు, జనం పారిపోయారు. ఇంకోటి చూడు. తెరవగానే మ్యాపు. పదకొండు రాజ్యాలు, నలభై నదులు. అందులో దూరినవాడు మళ్లీ బయటికి రాలేదు. కొత్తవాళ్లకి పుస్తకం ఏరాలంటే అట్ట కాదమ్మా, మురికి చూడాలి. ఎందాకా మురికుంటే అందాకా చదివించిందని!"

యూ-షియా అరటిపండుని కూడా సబ్బుతో కడిగి ఒలుచుకునే మనిషి. అలాంటావిడ ఈ కంపులోకి ఎందుకొచ్చిందయ్యా అంటే, కూతురు పెయ్-జెన్ ఇరవై రెండు రోజులుగా తనతో మాట్లాడటం లేదు. దాని మంచం మీద ఇలాంటి గబ్బు పుస్తకమే ఒకటి కనిపిస్తే, పాట పాడుకుంటూ వచ్చిన చెత్తబండిలోకి విసిరేసింది మరి. "ఒక్కటన్నా చదివి అప్పుడు పారెయ్యాల్సింది" అంది పిల్ల. అంతే. ఆ తర్వాత నోరు విప్పితే ఒట్టు.

"మా పెయ్-జెన్‌తో మాట కలపాలయ్యా. ఒకటి చదివితే, దాని గురించైనా నాలుగు ముక్కలు మాట్లాడుతుందని ఆశ. లేకపోతే నాకెందుకీ ఖర్మ?"

పేరు వినగానే ముసలాయనకి టీ పొలమారింది. వెనకగది తెర వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించాడు. "అయితే నీ చేతిలో ఉన్నదే తీసుకో తల్లీ."

"ఈ నల్లటిదేంటి?"

"పంది మాంసం పులుసు. అన్నం తింటూ కూడా వదల్లేదన్నమాట."

"ఇదీ?"

"దోమ. యుద్ధం మంచి రంజు మీదుండగా కుట్టింది. లేచే తీరికెక్కడ? పుస్తకం టప్పున మూసి చంపేశారు."

"ఇది... ఇది గోరా?"

"గోరే. మంత్రగత్తె వచ్చేముందు కొరుక్కున్నారు."

"వాక్!" యూ-షియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"అప్పుడేనా? ఆఖరి పేజీ చూడు. చీమిడి! కుళ్లికుళ్లి ఏడ్చారెవరో. అంత ఏడిపించిన నవలకంటే ఇంకేం కావాలమ్మా నీకు?"

చూసింది. పేజీ అడుగున జిగటగా, తడితడిగా మెరుస్తోంది. మొహం పక్కకి తిప్పుకుంది. అయినా ఒక్క మాట అడక్కుండా ఉండలేకపోయింది.

"మా పిల్ల చదివిందా ఇది?"

"భలేదానివే! అది చెయ్యి పెట్టని పుస్తకం ఈ కొట్లో ఒక్కటి లేదు."

యూ-షియా ఆ పేజీకేసి మళ్లీ చూసింది. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తన ముందు కంటతడి పెట్టని పిల్ల. ఎక్కడ ఏడుస్తుందో, దేనికి ఏడుస్తుందో తనకి తెలీనే తెలీదు. ఇక్కడ, ఈ కాగితం మీద ఏడ్చిందేమో.

టిష్యూ కింద పడేసింది. ఊపిరి బిగబట్టింది. కళ్లు గట్టిగా మూసుకుని, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఉత్త వేలు తీసుకెళ్లి ఆ చీమిడి మీద పెట్టబోయింది.

వెనకగది తెర సర్రున జరిగింది. పెయ్-జెన్! ఒక చేతిలో, ఆ చీమిడిలాగే జిగటగా మెరుస్తున్న గుడ్డు తెల్లసొన గిన్నె, ఇంకో చేతిలో పాత టూత్ బ్రష్. తల్లిని చూసి, ఇరవై రెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు తెరిచింది.

"అమ్మా, అక్కడ ముట్టుకోకే! ఇంకా ఆరలేదు!"