కుంట మీద ప్రశ్న

తెల్లవారుతూనే కుంట గట్టు మీద కొత్త మనిషి కనిపించేసరికి అంబికకు ఒళ్లు మండింది.

నెరిసిన జుట్టు, తెల్ల పంచె, నలిగిన లాల్చీ, మోకాళ్లదాకా బురద. వంగి సీసాలో నీళ్లు పట్టుకుంటున్నాడు. గట్టు కింద ఆటో ఆగి ఉంది.

"ఎవరయ్యా నువ్వు?" గొర్రెలను వదిలేసి ఉరికింది.

"గీ నీళ్లు జర్రన్ని కావాలమ్మా. హైదరాబాద్‌ల చూపియ్యాలె."

"ఎవరికి? మీ సేటుకా?"

ఆమె కోపం ఊరికే వచ్చింది కాదు. తాండూరు బండలను నునుపు చేసే పాలిష్ యూనిట్ల నుంచి తెల్లటి బురద ఏడాదిన్నరగా ఈ కుంటలోకే దిగుతోంది. ఆ నీళ్లు తాగిన గొర్రెలు నెలలు నిండకుండానే ఈనుతున్నాయి. పుట్టిన పిల్ల ఒక్కటీ నిలవడం లేదు. మంద పోతే అంబికకు బతుకు లేదు.

పోయిన ఏడు ఇద్దరు ప్యాంట్లవాళ్లు వచ్చారు. మెడలో కార్డులు చూపించి, ఆఫీసర్లమన్నారు. నీళ్లు పట్టుకుని, ఊరందరి చేత సంతకాలు పెట్టించుకుని పోయారు. తీరా చూస్తే, మా నీళ్లు బాగానే ఉన్నాయని ఊరే ఒప్పుకున్నట్టు తేలింది. వాళ్లు యూనిట్ సేటు మనుషులట!

అప్పటి నుంచి ఊళ్లో ఒకటే కట్టుబాటు. కొత్తవాడు కుంటలో చెయ్యి పెడితే పట్టుకోవడమే.

అంబిక కేకకు ఆమె మరిది మల్లేశ్, వెంట ఇంకో నలుగురు పరుగెత్తుకొచ్చారు. ఆటోవాడు వెనక్కి చూడకుండా ఉడాయించాడు.

పెద్దాయన జేబులో చెయ్యి పెట్టాడు.

"కార్డు తియ్యకు!" మల్లేశ్ ఆ చెయ్యి పట్టేసుకున్నాడు. "కార్డులు మస్తు చూసినం."

"తమ్మీ, నా పేరన్న..."

"పేరొద్దు, ఊరొద్దు. నడువు."

పెద్దాయన అంబిక వైపు తిరిగాడు. "ఏడింటి బండి తప్పితే మీ పనే చెడ్తది బిడ్డా."

"మా పని చెడ్తదట! మా మీద ఎంత ఫికరో సూడు!" అంబిక సీసా లాక్కుని, నీళ్లు మళ్లీ కుంటలోకే వంచేసింది.

ఫోన్ గుంజుకున్నారు. పంచాయతీ ఆఫీసు గదిలోకి తోసి బయట గొళ్లెం పెట్టారు. ఎవరి పనికి వాళ్లు పోయారు.

గొర్రెలను దూరంగా బోరు తొట్టి దగ్గరికి తోలుతుంటే, వెనక తలుపు బాదుతున్న చప్పుడు అంబికకు వినిపించింది.

బాదుకోనీ అనుకుంది. ఈ ఏడాదిన్నరలో తాము బాదని తలుపు లేదు. ఒక్కటైనా తెరుచుకుందా?

ఒక్కటి ఇవాళ తెరుచుకోబోతోంది. కుంట మాట అసెంబ్లీలో వస్తుందని ఎమ్మెల్యే మనిషి నిన్ననే ఫోన్ చేశాడు. సారే లేచి అడుగుతాడని, టీవీ పెట్టుకుని చూడమని చెప్పాడు. ఊళ్లో పెద్ద టీవీ పంచాయతీ ఆఫీసులోనే ఉంది.

పది కావస్తుండగా అందరూ వచ్చి గొళ్లెం తీశారు.

పెద్దాయన మూల బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. అరిచి అరిచి గొంతు పోయింది. అంబికకు జాలేసింది. ఎంత సేటు మనిషైనా పెద్దవాడు కదా అని ఇంత చాయ్ పోసిచ్చింది.

"ఇప్పుడన్న ఇంటవా బిడ్డా?" అన్నాడు. గాలి తప్ప మాట రావడం లేదు.

"జర ఊకో పెద్దాయినా. అసెంబ్లీల మా కుంట ముచ్చట వస్తది. అది అయినంక నీ ముచ్చట."

పెద్దాయన గోడ గడియారం చూశాడు. ఇక చెప్పినా ఒకటే అన్నట్టు తల దించుకున్నాడు.

టీవీలో సభ మొదలైంది. మొదటి ప్రశ్న రోడ్ల గురించి. రెండోదానికి సభ్యులు ఒకరి మీద ఒకరు దుమ్మెత్తి పోసుకున్నారు. అంబిక ఒక్క ముక్కా వినలేదు. తమ మాట ఎప్పుడొస్తుందా అని కళ్లు తెరకే అప్పగించింది.

"అగో, మన సారు!" మల్లేశ్ ఎగిరి గంతేశాడు.

సారు పక్కవాడితో నవ్వుతూ కనిపించాడు.

"తర్వాతి ప్రశ్న," అన్నాడు స్పీకర్. "తాండూరు ప్రాంతంలో కుంటల కాలుష్యం. శ్రీ అనంతయ్య గారు."

గదిలో అందరూ మొహాలు చూసుకున్నారు. తమ సారు పేరు అది కాదు. సారు లేవనూ లేదు.

"ఎవరు మల్లేశ్?"

"ఏదో వేరే జిల్లా ఎమ్మెల్యే ఉన్నట్టున్నడు వదినా. మనోడు అడుగనే లేదు."

కెమెరా ఒక ఖాళీ కుర్చీని చూపించింది.

"శ్రీ అనంతయ్య గారు," మళ్లీ పిలిచాడు స్పీకర్. "సభ్యులు సభలో లేరు. మంత్రిగారి జవాబు సభ ముందు ఉంచినట్టు భావిస్తున్నాం. తర్వాతి ప్రశ్న."

తెర అడుగున జవాబు అక్షరాలు పాకాయి. మల్లేశ్ కూడబలుక్కుని చదివాడు.

"కుంటలు పాడైనయా అంటే... 'లేదండి.' ఏం చేస్తున్నరు అంటే... 'ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు.'"

"గంతేనా? మళ్ల అడుగరా?"

"అయిపోయింది వదినా."

 అంబిక ఏడుపు ఆపుకోలేక తిట్టడం మొదలుపెట్టింది.

"ఓట్లేయించుకునుడు ఎరుకే గని, పిలిచినప్పుడు కుర్చీల ఉండుడు ఎరుకలేదా? ఏడ సచ్చిండు వాడు?"

కొంగుతో కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది.

స్పీకర్ మొదటిసారి పేరు పిలిచినప్పుడు లేచిన పెద్దాయన, మూల బెంచీ ముందు ఇంకా అలాగే నిలబడి, గొంతు దాటి రాని "అధ్యక్షా" అన్న మాటను పెదవులతోనే పలుకుతున్నాడు.