ఇమాం జామిన్

ఫోన్ల సోహెల్ ఒంటి మీద బూడిదరంగు స్వెటర్ కనపడ్డది.

మోచేతి కాడ చిరిగితే ఎవలో ఓపికగ సూదితోని అల్లిన్రు.

"అది నీది కాదు గద బిడ్డా?"

"ఇంట్ల ఉన్నది అమ్మీ. చలికి తొడుక్కున్న."

"ఎవలింట్ల?"

నా కొడుకు నవ్విండు. "పని దొరికిందే. ఆ ఇంట్ల."

పోలండ్ అంటే ఎటు దిక్కో నాకు ఇప్పటికీ తెల్వదు. గోదాంల పని అని ఏజెంటు పంపిండు. సోహెల్ దిగేసరికి గోదాంకు తాళం ఉన్నది. ఏజెంటు ఫోన్ బంద్.

కాజీపేటల బండెక్కేటప్పుడు వాని కుడి జబ్బకు నేనే ఇమాం జామిన్ కట్టిన. ఆకుపచ్చ గుడ్డల రూపాయి బిళ్ల పెట్టి, గట్టిగ ముడేసిన. మా అన్నలు దుబాయి పోయేటప్పుడు మా అమ్మ గట్లనే కట్టేది.

"మంచిగ చేరినంక ఇప్పి, లేనోళ్లకు ఇయ్యి. అందాక ఇమాం పూచీల ఉంటవ్."

చేరినంక వాడు ఇయ్యలే.

"ఈడ లేనోళ్లు ఎట్లుంటరో తెలుస్తలేదు అమ్మీ. అందరికీ మంచి బూట్లే ఉన్నయ్."

హోటళ్లు తిరిగిండు. ఆపిల్ తోటలు తిరిగిండు. బేకరీల ముంగట నిలవడ్డడు. వాళ్లు ఏందో అడుగుతరంట. వీడు చేతులు తిప్పుతడంట. వాళ్లు తలుపు చూపెడ్తరంట.

"భయ్యాకు తెలుగే సక్కగ రాదు, పోలండోళ్లను ఎంత సతాయిస్తాండో," అన్నది నా బిడ్డ తమన్నా.

నాకు నవ్వు రాలే. ఏ మెట్ల మీదనో చలికి పడిపోతే ఎవలు చూస్తరు? నీళ్లడిగితే ఎవలికి అర్థమైతది?

ఇమాం జామిన్ ఇయ్యకపోబట్టే పని దొరుకుతలేదు అనిపిచ్చింది.

"ఎవలో ఒగలకు ఇయ్యిరా. ఇయ్యాల్నే ఇయ్యి."

ఇచ్చిండు.

బస్ స్టాపుల ఒక ముసలామె ఒక్కతే కూసున్నదంట. వీడు అంగీ చెయ్యి మీదికి జరిపి ముడి ఇప్పబోతే రాలేదంట. ఆమెనే దగ్గరికొచ్చి, పండ్లతోని ఇప్పిందంట.

బిళ్ల తీసుకున్నది. గుడ్డ తీసుకున్నది. వాని చెయ్యి పట్టుకున్నది.

బస్సు వచ్చినా ఆ చెయ్యి ఇడవలేదంట. అట్లనే ఇంటికి తోల్కపోయిందంట.

"కట్టెలు కొడ్త. మంచు ఊడుస్త. ఆమెతోని కూసోని తింట. గంతే పని."

"మాట్లాడకుంట ఎట్లరా?"

"మాట్లాడితేనే ఆమెకు నచ్చదు. నోరు తెరిస్తే నా పెదాల మీద వేలు పెడ్తది. భాష రానోనికి ఇంతకన్న మంచి పని ఏడ దొరుకుతది అమ్మీ?"

వాళ్ల అబ్బా ఆటో తుడుసుకుంట అన్నడు, "దొరికింది గద, ఇంక ఫికర్ దేనికి? పని లేకుంటే ఏడ్సినవ్, పని ఉంటే ఏడుస్తవా?"

"ఇల్లు చూపెట్టు," అన్న సోహెల్‌తోని.

ఫోన్ తిప్పిండు.

గోడకు ఫోటో ఉన్నది. దాని ముంగట చిన్న మోంబత్తి ఎలుగుతాంది. ఫోటోల పిలగాడు తల పక్కకు దువ్వుకోని నవ్వుతాండు.

ఒంటి మీద అదే స్వెటర్.

"ఎవలది?"

"ఆమె కొడుకు అనుకుంట. మారెక్ అంటది. ఆ మోంబత్తిని ఎన్నడూ ఆరనియ్యది. ఒకటి అయిపోవస్తాంటే ఇంకోటి ముట్టిస్తది."

"వానికి ఏమైంది?"

"ఎట్ల అడగాలె అమ్మీ?"

మిర్చి యార్డుల తొడిమలు తీసే పని నాది. తెల్లారి కొత్త తేజ కాయలు కొంగుల కట్టుకొచ్చిన. ఉప్పు కలిపి, సోహెల్ ఫోటో చుట్టు తిప్పి, పొయ్యిల ఏసిన.

కాయలు నల్లగ మాడినయ్.

ఘాటు రాలే. ఇంట్ల ఎవలూ దగ్గలే. దిష్టి గట్టిగ ఉంటెనే అట్లయితది.

"పాత కాయలై ఉంటయ్," అని తమన్నా మిగిలిన ఒక కాయ తుంచి నాలికకు పెట్టుకున్నది.

దాని కండ్ల నీళ్లొచ్చినయ్.

అప్పటి సంది సోహెల్ మాటలు తగ్గినయ్. ఏదడిగినా తలూపుతాండు. దువ్వెన ముట్టనోడు, ఇప్పుడు తల పక్కకు దువ్వుకుంటాండు.

"తిన్నవా?"

తలూపిండు.

"వాపస్ రా బిడ్డా. ఈడ ఏదో ఒకటి చేసుకుందువు."

పెదాలు కదిలినయ్. మాటలు ఎతుక్కుంటాండు.

"ఈడ... నన్ను ఎవలూ ఏం అడుగరు అమ్మీ."

నిన్న సాయంత్రం అసర్ నమాజ్ అయినంక మళ్ల ఫోన్ చేసిన. వాళ్లకు అది పగటి అన్నం యాళ్ల. ఫోన్‌ను బల్ల మీద నిలవెట్టి కూసున్నడు. ఎనుక ఆ ఫోటో, ఆ మోంబత్తి.

"సోహెల్."

తల ఎత్తలే.

"సోహెల్, బేటా, నేను."

రొట్టె తుంచుకుంటాండు. తమన్నా ఫోన్ గుంజుకోని "భయ్యా!" అని ఒర్రింది. ఆ ఒర్రుడుకు బయట మా మేక బెదిరింది గని, వాడు కదల్లే.

లోపటి నుంచి ఒక ముసలి గొంతు మెల్లగ పిలిచింది.

"మారెక్."

"వస్తాన్న అమ్మీ," అని లేచిపోయిండు.

తమన్నా కట్ చెయ్యబోతే వద్దన్న.

ఖాళీ కుర్చీ. సగం రొట్టె. గోడ మీద నవ్వుతున్న పిలగాడు.

పక్క నుంచి ఒక ముడుతల చెయ్యి వచ్చింది. మణికట్టుకు ఆకుపచ్చ గుడ్డ.

నిమ్మలంగ, వేళ్లతోని, మోంబత్తిని ఆర్పేసింది.