చెవి మిషన్

దుకాణంలో అమ్మాయి ముసలాయన కుడిచెవికి మిషన్ తగిలించి, శబ్దం సరిచేసి పక్కకు జరిగింది. ఎదురు కుర్చీలో కూర్చున్న కూతురు అలవాటు కొద్దీ గట్టిగా అడిగింది.

“వినపడుతోందా నాన్నా?”

“పక్క వీధికి కూడా వినపడుతోంది. ఇక అరవకు.”

కూతురు నవ్వలేదు. “పెట్టించుకోమని అమ్మ ఏళ్ల తరబడి బతిమాలితే ససేమిరా అన్నావు. ఆవిడ పోయి నెల తిరక్కుండానే నీ అంతట నువ్వే వచ్చావు. అమ్మంటే అంత లోకువా నీకు?”

ఆయన చెవి మిషన్‌ని ఒకసారి తడుముకున్నాడు.

“మీరంతా అరిచేవాళ్లు. మీ అమ్మ అరిచేది కాదే. చేతిలో పని వదిలేసి వచ్చి, భుజం పట్టుకుని, చెవిలో చెప్పేది. కూర ఏం చెయ్యమంటారు అని అడగాలన్నా అంతే. ఇది పెట్టుకుని ఉంటే వంటింట్లోంచే అడిగేసేది.”

“మరి ఇప్పుడెందుకు?”

“అలా వచ్చి చెప్పే మనిషి లేదుగా. దూరం నుంచి నువ్వు చెప్పేదైనా వినపడాలి కదా.”

కూతురు లేచింది. మిషన్ లేని చెవి వైపు వెళ్లి, ఆయన భుజం పట్టుకుని వంగింది.

“ఇంటికెళ్దాం, పద నాన్నా.”