థార్న్‌విక్ వారసుడు

జోసెఫిన్ కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది.

లండన్‌లో ఎవరో పురిటినొప్పులు పడుతుంటే, యానాం ఫరంపేటలో ఈ ముసలావిడకి నిద్రాహారాలు లేవు. అక్కడ ఆడపిల్ల పుడితే ఆమె కొడుకు క్రిస్టోఫర్ థార్న్‌విక్ ప్రభువు. మగపిల్లాడు పుడితే ఎప్పటిలా ఐసు ఫ్యాక్టరీ సూపర్‌వైజరే.

ఇంగ్లీషు లార్డుగిరీ యానాంలో ఎలా ఊడిపడిందంటారా? మొదటి థార్న్‌విక్ ఏదో యుద్ధంలో రాజుకి గుర్రాలిచ్చి ఆ బిరుదు కొట్టేశాడు. మూడోవాడు వేటపిచ్చితో పోయాడు. ఐదోవాడు పేకాటలో సగం ఎస్టేటు ఊడ్చేశాడు. వాడి తమ్ముడు వ్యాపారమని కాకినాడలో దిగి, యానాం పిల్లని చర్చిలో పెళ్ళాడి ఇక్కడే మట్టయ్యాడు. ఆయన మునిమనవడే జోసెఫిన్ భర్త. ఆ మహానుభావుడు పోయి రెండేళ్ళయింది.

ఇప్పటి లార్డు మొన్నీమధ్యే గుర్రం మీంచి పడి పోయాడు. భార్య నిండుచూలాలు. ఆవిడకి కొడుకు పుట్టకపోతే మగ సంతులో మిగిలింది మన క్రిస్టోఫరే!

అందుకే లండన్ లాయరు హాల్లో కూర్చున్నాడు. ఆడపిల్లని ఫోనొస్తే, క్రిస్టోఫర్‌ది థార్న్‌విక్ రక్తమేనని డీఎన్ఏ పరీక్ష చేయించి బిరుదు ఖాయం చేయిస్తాడట.

పక్కింటి చిన్నారావు దండతో సహా దిగిపోయాడు.

"ఏవండోయ్ లార్డ్ గారూ! పెద్దోరైపోయాక మమ్మల్ని మర్చిపోకండేం!"

"ఊరుకో బాబాయ్," అన్నాడు క్రిస్టోఫర్. సంబరం మాత్రం దాచుకోలేకపోయాడు.

"కంగారుపడకండొదినా," అంది చిన్నారావు భార్య సరోజిని. "మరియమ్మ తల్లి మీ మొర ఆలకించకపోద్దా?"

జోసెఫిన్ జపమాల తిప్పుకుంటూ వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా చూసుకోలేదు.

ఫోను మోగింది.

లాయరు విన్నాడు. తల అడ్డంగా ఊపాడు. క్రిస్టోఫర్‌తో చెయ్యి కలిపి ఏదో అన్నాడు.

"మగపిల్లాడంట," అన్నాడు క్రిస్టోఫర్ నీరసంగా.

చిన్నారావు దండ వెనక్కి దాచుకున్నాడు. జోసెఫిన్ గుమ్మంలోనే కూలబడి భోరుమంది.

"అయ్యో పాపం, ఎంతాశ పెట్టుకుందో పిచ్చితల్లి!" సరోజిని కూడా కళ్ళొత్తుకుంది.

క్రిస్టోఫర్ వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు.

"ఊరుకోమ్మా. లార్డుగిరీ పోతే పోయింది. నీ కడుపున పుట్టాను, అది చాలదా నాకు?"

నలభై ఏళ్ళ కిందట కాకినాడ రైల్వే స్టేషన్లో గుడ్డల్లో చుట్టి ఎవరో వదిలేసి వెళ్ళిపోతే తెచ్చుకుని, తానే కన్నానని ఊరినీ వాణ్ణీ కూడా నమ్మించి పెంచుకున్న ఆ కొడుకుని, జోసెఫిన్ గట్టిగా గుండెలకి హత్తుకుంది.