కాపలా

వెంకటనారాయణ వీధి తలుపు తీసేసరికి అరుగు మీద ఎవరో ముసలాయన కూర్చుని ఉన్నాడు.

తలకు ఎర్ర రుమాలు, ఒళ్ళో సద్దిమూట. తండా మనిషని చూడగానే తెలుస్తోంది.

"ఎవరు కావాలయ్యా? కొట్టు మూసేశాం."

"ఎరికే సేటూ. ఊకెనే కూసున్న."

వెంకటనారాయణ గుంటూరు వైపు నుంచి చండ్రుగొండ వచ్చి, ఇంటి ముందుగదిలో పురుగుమందుల కొట్టు పెట్టి పదేళ్ళు దాటింది. పోయిన ఏడు తెల్లదోమ పత్తినంతా ఊడ్చిపెట్టింది. అరువుకు మందులు తీసుకున్న రైతులు చేతులెత్తేశారు. తనకు సరుకిచ్చిన ఖమ్మం వ్యాపారులు మాత్రం తనని చేతులెత్తనివ్వడం లేదు.

మొన్ననే ఖమ్మం వెళ్ళి వకీలును కలిసి వచ్చాడు.

"మీ అంతట మీరే దివాలా తీశానని కోర్టులో ఐపీ పెట్టడం ఒక దారి," అన్నాడు వకీలు. "ఆస్తంతా కోర్టు చేతికి పోతుంది. కానీ ఇక ఎవరూ మీ గడప తొక్కరు. అప్పిచ్చినవాళ్ళే మీ మీద దివాలా దావా వేసేదాకా ఆగడం ఇంకోటి. అప్పుడు లోకం మిమ్మల్ని దొంగ కింద చూస్తుంది."

"ఇంకేం లేదా?"

"రాజీ ఉంది. అందర్నీ కూర్చోబెట్టి రూపాయికి అర్ధరూపాయి ఇస్తానని ఒప్పించడం. కొట్టూ మిగులుతుంది, పరువూ మిగులుతుంది."

"ఒప్పుకుంటారంటారా?"

"అడిగితే కదా తెలిసేది!"

అడగడానికే వెంకటనారాయణకు మొహం చెల్లడం లేదు.

ముసలాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. పొద్దున్నే అడవి దారిన నడిచి వస్తాడు. పొద్దు వాలాక అదే దారిన వెళ్ళిపోతాడు.

"ఖమ్మం వాళ్ళు పెట్టిన మనిషే. నేను పారిపోకుండా కాపలా," అన్నాడు భార్యతో.

"పాపం, పెద్దాయన. మజ్జిగిస్తే దండం పెట్టి తాగాడు," అంది నిర్మలాదేవి.

"నీకు అందరూ పాపమే."

మధ్యాహ్నం తలుపు వేయబోతే అరుగు మీంచి కేక వినిపించింది.

"తలుపెయ్యకు సేటూ. తెరిచే ఉంచు."

"నా ఇంటి తలుపు సంగతి నీకెందుకయ్యా?"

ముసలాయన లోపల గోడవారగా మిగిలిపోయిన మందు డబ్బాల వంక చూశాడు.

"గా డబ్బాలు ఇంట్ల పెట్టుకోకు. ఎవలకన్న ఇచ్చెయ్యి."

వెంకటనారాయణకు ఒళ్ళు మండింది. అంటే, మిగిలిన సరుకు మీద కూడా కన్నేశారన్నమాట!

ఆ శుక్రవారం నిర్మలాదేవి తమ్ముణ్ణి సాయం అడగడానికి సత్తుపల్లి వెళ్ళింది. వండిపెట్టిన అన్నం గిన్నెలో అలాగే ఉంది. వెంకటనారాయణ డబ్బాల పక్కన నేల మీద కూలబడ్డాడు. ఐపీ వద్దు, రాజీ వద్దు, అసలేమీ వద్దనిపించింది. వకీలు చెప్పని దారొకటి చేతికందేంత దూరంలో ఉంది.

"సేటూ, మంచినీళ్ళు."

ఒక డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"సేటూ! గొంతెండుకపోతున్నది. గుక్కెడు నీళ్ళియ్యి."

విసుక్కుంటూ లేచి చెంబుతో తెచ్చి ఇచ్చాడు. ముసలాయన తాగాడు. ఇంకో చెంబు అడిగాడు. అదీ తాగి, తీరిగ్గా మూతి తుడుచుకున్నాడు.

"బువ్వ తిన్నవా సేటూ?"

వెంకటనారాయణకు అది వెక్కిరింతలా వినిపించింది.

"నేను తినే ముద్దక్కూడా లెక్క చెప్పాలా నీకు? లే! మళ్ళీ ఈ అరుగెక్కితే కాళ్ళు విరగ్గొడతా!"

రెక్క పట్టి కిందికి లాగేశాడు. ముసలాయన తూలి, నిలదొక్కుకుని, రుమాలు సర్దుకున్నాడు.

"పోత తియ్యి. అమ్మ ఎప్పుడొస్తది?"

"నీకెందుకు? పో!"

ఆ కోపంలోనే వెంకటనారాయణ ఖమ్మం బస్సెక్కాడు. వాళ్ళు దావా వేయకముందే తానే ఐపీ పెడతానన్నాడు. వకీలు చూపించిన చోటల్లా సంతకం చేశాడు.

ఇల్లూ కొట్టూ కోర్టు స్వాధీనమయ్యాయి. మొగుడూ పెళ్ళాలిద్దరూ కొత్తగూడెంలో ఓ గది కిరాయికి తీసుకున్నారు. ఆయన ఓ కిరాణా కొట్లో గుమాస్తాగా కుదిరాడు.

వాయిదాకు వెళ్ళినప్పుడు కోర్టు వరండాలో ఖమ్మం వ్యాపారి వెంకటరామారావు ఎదురయ్యాడు.

"ఎంత పని చేశావయ్యా! సగమిచ్చినా చాలనుకున్నాం మేమంతా. నువ్వొచ్చి ఒక్కమాట అడుగుతావని చూశాం."

"మరి నా గుమ్మంలో మనిషిని ఎందుకు కూర్చోబెట్టారు?"

"మనిషేంటి? మేమెవర్నీ పంపలేదే!"

వెంకటనారాయణకు ఆ రోజు కోర్టులో ఏం జరిగిందో బుర్రకెక్కలేదు.

ఆదివారం చండ్రుగొండలో దిగి, ముసలాయన వచ్చే అడవి దారి పట్టుకున్నాడు. దారి చివర తండా. ఎర్ర రుమాలు ముసలాయన అనగానే ఎవరో ఓ గుడిసె చూపించారు.

గుమ్మంలో జొన్నలు చెరుగుతున్న పడుచు తలెత్తి చూసింది.

"మా మామ రామ్‌సింగే. చలిజరమొచ్చి ఎండకాలంల పోయిండు. నువ్వు మందుల సేటువా?"

"అవునమ్మా."

ఆమె గబగబా లేచి మంచం వాల్చింది. ఆమె పేరు రూప్లి.

"నువ్వు ఎల్లగొట్టినంక గూడ నీ ఇంటికొచ్చిండు సేటూ. తాళమేసి ఉన్నదట. సేటు పాణంతోని ఉన్నడా అని బజార్ల అందర్నీ అడిగిండు. కొత్తగూడెం పోయిండని తెలిసినంకనే ఇంత బువ్వ తిన్నడు."

వెంకటనారాయణ మంచం మీద కూర్చోలేకపోయాడు.

"నేనాయనకు ఏమవుతానమ్మా? నా కోసం రోజూ అంత దూరం ఎందుకొచ్చాడు?"

రూప్లి చేట పక్కన పెట్టి, నేల చూపులు చూస్తూ మెల్లగా చెప్పింది.

"పత్తి పోయినప్పుడు నా పెనిమిటి గోప్యా నీ కాడ కొన్న మందే తాగిండు సేటూ, ఆ పొద్దు మేమంత చేనుకాడ ఉంటిమి, ఇంట్ల ఎవలూ లేరు, సంతల నీ మొకం జూసి, పోయే ముందు మా గోప్యా మొకం గూడ గిట్లనే వాడిపోయి ఉండెనని, మా మామ నీ అరుగు మీదికొచ్చి కూసునేటోడు."