రెండు పొరల టైరు

కౌంటరు మీదకు వచ్చిన బేరం ముసలాడి ఒక్క మాటతో వెనక్కి పోయింది.

సాల్ట్ లేక్ నగరం నుంచి కొండదారుల్లో సైకిలు తొక్కడానికి వచ్చిన ఆసామి అప్పటికే ట్యూబ్‌లెస్ టైర్ల జత ఒకటి ఎంచుకున్నాడు. చాలా తేలికవి. కొట్టు యజమాని కెండల్ వాటిని త్రాసులో పెట్టి మరీ చూపించాడు.

మూల కుర్చీలో కూర్చుని ఊరికే వచ్చే కాఫీ తాగుతున్న వెర్న్ అనే ముసలాడు లేచి వచ్చి, టైరు పక్క భాగాన్ని వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"ఇది మెత్తటి మట్టి దారులకు బాబూ. చిన్న చిల్లయితే లోపల పోసిన జిగురు పూడుస్తుంది. మా రాళ్లు పక్కన కోశాయంటే ఏ జిగురూ ఆపలేదు. రెండు పొరల టైర్లు వచ్చే వారం వస్తున్నాయి, ఆగు."

ఆసామి ఆగుతానని వెళ్లిపోయాడు.

కెండల్‌కు ఒళ్లు మండిపోయింది. అసలే ఆ ఏడు వ్యాపారం అంతంతమాత్రం. జనం కొట్టుకొచ్చి అన్నీ పట్టి చూసి, బయటికెళ్లి ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటున్నారు. ఆ అక్టోబరు కూడా ఇలాగే గడిస్తే తండ్రి పెట్టిన కొట్టుకు తాళం వేయాల్సిందే. యూటా ఎర్రకొండల మధ్య ఆ ఊరికి ఉన్న సైకిళ్ల కొట్టు అదొక్కటే.

పైగా ఈ వెర్న్ ఎన్నడూ అక్కడ టైరు కొన్న పాపాన పోలేదు. కొండదారి మొదట్లో, కార్లు ఆపే చోట, తుప్పు పట్టిన వ్యానులో కాపురం. వచ్చినప్పుడల్లా పంక్చర్లు మూసే రబ్బరు పుల్లలు గుప్పెడు కొనుక్కుపోతాడు. ఉన్న ఒక్క సైకిలుకు అన్ని పుల్లలెందుకో కెండల్ అడగలేదు. వ్యానులో పడుకునేవాడి గురించి ఆలోచించడం కూడా అతనికి నామోషీయే.

"చూడు పెద్దమనిషీ, ఇల్లూ వాకిలీ లేనివాడు నాకు వ్యాపారం నేర్పక్కర్లేదు. ఆ కప్పు అక్కడ పెట్టి బయటికి నడువు. మళ్లీ ఈ గడప తొక్కావంటే మర్యాద దక్కదు."

వెర్న్ కప్పు కడిగి, బోర్లించి వెళ్లిపోయాడు. ఆ కడగడం చూసి కెండల్‌కు ఇంకా మండింది.

ఆ తర్వాత వ్యాపారం ఒక్కసారిగా పుంజుకుంది. వచ్చినవాళ్లు బేరం ఆడకుండా, సూటిగా రెండు పొరల టైర్లే అడిగి పట్టుకెళ్లేవారు. తెప్పించిన సరుకు తెప్పించినట్టే ఖాళీ. పట్టిన శని వదిలింది, ఇక తిరుగులేదని కెండల్ భార్య దగ్గర గొప్పలు పోయాడు. తన తెలివి మీద అతనికి మొదటినుంచీ కాస్త ఎక్కువే నమ్మకం.

నెలాఖరులో సరుకు దించడానికి వచ్చిన కొరియరు మనిషి ఓ కబురు చెప్పాడు. ఆ వ్యాను ముసలాడు కొండ దగ్గర వచ్చేపోయేవాళ్లందరినీ ఆపి మాట్లాడుతున్నాడట.

"ఏమంటున్నాడు?"

"నేను నిలబడి వినలేదు గానీ, నీ పేరూ నీ కొట్టు పేరూ వినబడ్డాయి."

కెండల్‌కు అంతకన్నా అక్కర్లేకపోయింది. గెంటేసినవాడు మంచి చెబుతాడా?

వ్యాను నిలిపిన ఆ నేల ప్రభుత్వానిది. రెండు వారాలకు మించి ఎవరూ ఒకేచోట మకాం ఉండకూడదని నియమం. ఎవరూ ఫిర్యాదు చేయనంతకాలం ఎవరూ పట్టించుకోని నియమం. కెండల్ ఆ భూములు చూసే ఆఫీసుకు ఫోన్ చేసి, మురికి వ్యాను ఒకటి నెలల తరబడి పాతుకుపోయిందని చెప్పాడు. చెబుతున్నంతసేపూ నవ్వుతూనే ఉన్నాడు.

వ్యాను వెళ్లిపోయింది.

నవంబరులో ఎండ హాయిగా ఉంది. కొండ దగ్గర కార్లు ఎప్పటిలాగే కిటకిటలాడాయి. కెండల్ కొట్టులో మాత్రం ఈగలు తోలుకునే పని పడింది. రెండు పొరల టైర్లు గోడ పొడుగునా పేరుకుపోయాయి. చివరికి అతను అద్దానికి 'మూసేస్తున్నాం' అని కాగితం అంటించాడు. ఈ కాలపు జనానికి విశ్వాసం లేదని రోజంతా తిట్టుకున్నాడు.

అప్పుడు మరిసోల్ అనే ఆవిడ చక్రం ఒకటి చేత్తో పట్టుకుని లోపలికి వచ్చింది. టైరు పక్కన పెద్ద కోత. అందులో రబ్బరు పుల్లలు ఒత్తుగా కుక్కి ఉన్నాయి.

ఇంత కోత పడ్డ టైరును ఎవరు బతికించారని కెండల్ అడిగాడు.

"వెర్న్ గారు. అక్కడ ఎవరి టైరు చిరిగినా ఆయనే కదా చూసేది. ఇన్నాళ్లూ ఆగింది. ఊరికే చేయించుకోవడం బాగోదని బీరు ఇవ్వబోతే తీసుకోలేదు. దానికి బదులు ఒక మాట ఇమ్మన్నారు."

"ఏం మాట?"

"కొత్త టైరు ఆన్‌లైన్‌లో తెప్పించుకోనని. రెండు పొరలది కెండల్ కొట్టులోనే కొంటానని. ఆ కొట్టు మూతపడితే ఈ రాళ్లలో చిక్కుకున్నవాళ్లకు దిక్కుండదన్నారు. ఆయన బాగుచేసిన ప్రతివాళ్ల దగ్గరా అదే మాట తీసుకునేవారట."

కెండల్ చేయి ఆ చక్రం మీదే ఉండిపోయింది. ఇదంతా తను గెంటేయకముందు సంగతై ఉంటే బాగుండునని అతని మనసు కొట్టుకుంది.

"ఇది... ఎప్పుడు జరిగింది?"

"అక్టోబరు ఆఖర్లో. వ్యాను తీసేయమని ఆఫీసరు వచ్చి పక్కనే నిలబడ్డాడు. ఈ ఒక్క టైరూ అయ్యాక పోతానయ్యా అని అతన్ని ఆపి, నా దగ్గర ఆ మాట తీసుకున్నాకే ఆయన వ్యాను ఎక్కారు."