అటక మీద గొడ్డలి

గొడ్డలి మళ్ళీ అక్కడే ఉంది.

అటక మీద, మార్లూస్ మంచం వేయబోయే చోట, దూలానికి కొట్టిన మేకుకి వేలాడుతోంది. రూలీన్ దాన్ని రెండుసార్లు కిందికి తీసుకెళ్ళి పెరటి కొట్లో పెట్టి గడియ వేసింది. రెండుసార్లూ అది పైకి వచ్చేసింది. రూలీన్ తేలేదు. భర్త వౌటర్ తేలేదు. ఆరేళ్ళ మార్లూస్‌కి ఆ మేకు అందనే అందదు. ఇంట్లో ఇక మిగిలింది అత్తగారు క్రీనా ఒక్కతే.

ఈసారి దాని అంచు మెరుస్తోంది. ఎవరో కొత్తగా సాన పట్టారు.

రూలీన్ పొట్ట మీద చేయి వేసుకుంది. రెండో కాన్పు దగ్గర పడుతోంది. ఉన్నవి రెండే గదులు. అందుకే వాలు పైకప్పును కోసి, ముందుకు పొడుచుకొచ్చేలా ఒక గూడు కిటికీ కట్టించి, అటకను మార్లూస్‌కి గదిగా మారుస్తున్నారు. ఆ మాట చెప్పిన రోజే క్రీనా మొహం పాలిపోయింది. "పిల్లని పెంకుల కింద పడుకోబెట్టొద్దు" అంది. కారణం చెప్పలేదు. ఆ మర్నాడే గొడ్డలి పైకి చేరింది.

సముద్రానికి దూరంగా, డ్రెంటే జిల్లా ఇసుక నేలల్లోని ఈ ఊరికి వౌటర్ తండ్రిని రెండో పెళ్ళి చేసుకుని వచ్చేనాటికే క్రీనా విధవరాలు. ఎక్కడో పడమటి నుంచి వచ్చింది. అంతకు మించి కొడుక్కి కూడా తెలియదు. ఎవరూ అడగలేదు. ఇక్కడ అడగరు.

కాఫీ వేళకి వడ్రంగి హార్మ్ కిందికి దిగి ఒక బిస్కెట్ తీసుకున్నాడు. రూలీన్ డబ్బా మూత పెట్టేసింది.

"ఈ హాలండ్‌లో బిస్కెట్ డబ్బా మూసుకున్నంత వేగంగా ఏ తలుపూ మూసుకోదమ్మాయ్" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించాడు. "మీ అత్తగారు నాకు మేస్త్రీ అయిపోయారు. కిటికీ రెక్క పూర్తిగా తెరుచుకుంటుందా? గొళ్ళెం చీకట్లో చేతికి దొరుకుతుందా? రోజూ ఇవే ప్రశ్నలు. నిన్న నా టేపు లాక్కుని మీ పాప భుజాలు కొలిచారు."

"భుజాలా?"

"అవును. నాకు తెలిసి మనిషి భుజాలు కొలిచేది ఒక్క శవపెట్టె చేసేటప్పుడే." తన హాస్యానికి తనే నవ్వాడు.

రూలీన్ కప్పు కింద పెట్టేసింది. ఆ ఉదయమే అత్తగారు రూలీన్ పొట్ట చుట్టూ కూడా టేపు చుట్టి, "ఇంకా పెరుగుతుందా?" అని అడిగింది.

"అమ్మకి చాదస్తం. పట్టించుకోకు" అన్నాడు వౌటర్, సాయంత్రం రూలీన్ ఈ సంగతి చెప్పినప్పుడు.

"చాదస్తమైతే గొడ్డలికి సాన ఎందుకు పట్టింది?"



భోజనానికి ముందు అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థన చేశారు. 'ప్రభువా, పెద్దావిడ మీద ఇలాంటి అనుమానం పాపమేనా? పాపమైతే, తల్లి కడుపులో ఈ వణుకు పెట్టింది నువ్వు కాదా?' రూలీన్ కళ్ళు తెరిచింది. అత్తగారి కళ్ళు అప్పటికే తెరిచి ఉన్నాయి. ఆవిడ మార్లూస్ భుజాల వంకే చూస్తోంది.

కిటికీ బిగించడం పూర్తయిన సాయంత్రం గాలి మొదలైంది. రేడియోలో వాయవ్యం నుంచి తుఫాను అని చెప్పారు. క్రీనా చేతిలో అల్లిక సూదులు ఆగిపోయాయి.

రూలీన్ వంటగదిలో బంగాళాదుంపలు ఒలిచి వచ్చేసరికి అత్తగారి కుర్చీ ఖాళీగా ఉంది.

"మార్లూస్!"

పలుకు లేదు. పైన ఏదో ధన్‌మంది. చల్లటి గాలి మెట్ల మీదుగా దిగివచ్చి ఆమె మెడకు తగిలింది.

నిచ్చెనలాంటి ఆ మెట్లు తను ఎలా ఎక్కిందో రూలీన్‌కే తెలియదు.

గూడు కిటికీ బార్లా తెరిచి ఉంది. గొడ్డలి క్రీనా నడుముకి దోపి ఉంది. ఆవిడ రెండు చేతులతో మార్లూస్‌ను కిటికీలోంచి బయటికి తోస్తోంది. తల దాటింది. భుజాలు దాటాయి. ఎక్కడో కింద వీధి రాళ్ళు.

"చేతులు ముందుకి చాపు బంగారం. ఇంకాస్త. ఆగకు."

రూలీన్ మీదపడి పిల్ల కాళ్ళు పట్టి లోపలికి లాగేసింది. ఇద్దరూ నేల మీద కూలబడ్డారు.

"నానమ్మా, దూరాను! చూశావా?" మార్లూస్ నవ్వుతోంది.

"దగ్గరికి రాకండి అత్తయ్యా!" రూలీన్ అరిచింది. పిల్లను వెనక్కి తోసి తను అడ్డం నిలబడింది.

క్రీనాకు కోపం రాలేదు. నడుము నుంచి గొడ్డలి తీసింది. దాన్ని తిప్పి, పిడి కోడలి వైపు చాపింది.

"తీసుకో అమ్మాయ్. కొట్లో పెట్టేయ్. పిల్ల భుజాలు పడుతున్నాయి. నీ పొట్టా పడుతుంది. ఇక దీంతో పని లేదు."

"దీంతో... దీంతో మీరు ఎవరిని..." అంది రూలీన్.

క్రీనా కిటికీ మూసింది. కళ్ళు మూసుకుని, చేత్తో తడిమి గొళ్ళెం తీసింది. మళ్ళీ వేసింది. మళ్ళీ తీసింది. అప్పుడు, కళ్ళు తెరవకుండానే అంది.

"ఇలాంటి గాలికే సముద్రం కట్ట తెంచుకుని మా అటక దాకా వచ్చిన రాత్రి, నా ఇద్దరు కూతుళ్ళూ నా భుజాల మీదే ఉన్నారు, పైన పెంకులు పగలగొట్టడానికి నా చేతిలో మాత్రం ఏమీ లేదు."